బోరేజ్ నీలం పూలు పూస్తుందన్నారు, గులాబీ రంగు వస్తోంది. మోసపోయానా?

అనంతపురం మిద్దెతోట:

అందరికీ నమస్తే. మాది అనంతపురం టౌను. మిద్దె మీద ఒక ముప్పై కుండీల దాకా ఉన్నాయి, ఎక్కువ టమోటా, వంకాయ, పుదీనా, నాలుగు గులాబీలు. ఈ ఏడాది కొత్తగా బోరేజ్ అనే మొక్క పెట్టాను. మా అమ్మాయి జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది, వాళ్ల ఇంటి వెనక తోటలో పూసిందని ఫోటో పంపింది. చుక్కలాగా అయిదు రేకుల పువ్వు, నడిమధ్యన నల్లగా మొనదేలిన ముక్కులాంటిది ఒకటి, ఇక ఆ నీలం చూడాలి, అంత నీలం నేను శంఖుపువ్వులో తప్ప ఎక్కడా చూడలేదు. విత్తనాలు తానే తెస్తానంది కానీ విమానంలో విత్తనాలు తేవడం, అక్కడ వాళ్లు అడగడం, ఎందుకొచ్చిన తలనొప్పి అని నేనే ఇక్కడ ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ తెప్పించుకున్నా.

మొదట జూన్‌లో వేశా. ట్రేలో నారు పోసి, నాలుగాకులు వచ్చాక పీకి కుండీల్లో నాటితే పదకొండు మొక్కల్లో ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. మిగిలిన గింజలు దీపావళి అయిన వారానికి నేరుగా పెద్ద కుండీల్లోనే వేశాను. మూడు మొలిచాయి, ఒకదాని మీద పిల్లి పడుకుని అది చచ్చింది (మొక్కే, పిల్లి బాగానే ఉంది), రెండు మాత్రం మోకాలెత్తు దాటి బాగా వచ్చాయి.

ఇప్పుడు సంక్రాంతి వెళ్లాక మొగ్గలు వచ్చాయి. చూస్తే అన్నీ గులాబీ రంగే. నిన్న పొద్దున ఒక పువ్వు విచ్చుకుంది, అదీ గులాబీకీ వంగపండుకీ మధ్య రంగులో ఉంది. ప్యాకెట్ మీద బొమ్మ మాత్రం ముదురు నీలం. ఇంకేదో విత్తనం అంటగట్టారా? ఇంకో రెండు సంగతులు కూడా చెప్పండి. ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగు అవుతున్నాయి, ఎండ ఎక్కువై అంటారా, జనవరిలో ఎండేముంది? ఆకు నలిపితే అచ్చం కీరా దోసకాయ వాసన వస్తోంది, మా ఆవిడ ఒకసారి పప్పులో వేసి చూద్దామంటోంది, వేయొచ్చా? ముట్టుకుంటే చేతికి ముళ్లలాగా నూగు గుచ్చుకుంటోంది కాబట్టి నాకైతే నోట్లో పెట్టుకోవాలంటే భయంగానే ఉంది.

కడప గడప:

అన్నా బోరేజ్ అంటే వాము ఆకే కదా. మేము నర్సరీలో కొన్నప్పుడు చీటీ మీద ఇండియన్ బోరేజ్ అనే రాసుంది. మందంగా, నూగునూగుగా ఉంటుంది ఆకు. దానికి ఇంత టెన్షన్ ఎందుకు, శనగపిండిలో ముంచి బజ్జీలు వేసుకోండి, పిల్లలకు దగ్గొస్తే కషాయం పెట్టండి. మా ఇంట్లో వారానికోసారి వేస్తాం.

కర్నూలు బోటనీ మాస్టారు:

బజ్జీల సంగతి ముందు ఆపండి, అది వాము ఆకు కాదు. కడప తమ్ముడిది తప్పేం లేదు, పేరే అలా తగలడింది. ఇంగ్లీషులో వాము ఆకుకు ఇండియన్ బోరేజ్ అని పేరు పెట్టారు కానీ అది తులసి, పుదీనా కుటుంబానిది. మీరు పెంచుతున్నది అసలు బోరేజ్, బొరాగో అఫిసినాలిస్, మధ్యధరా సముద్ర తీరప్రాంతాల మొక్క. రెండింటికీ చుట్టరికం లేదు. వాము ఆకు నలిపితే వాము వాసన వస్తుంది, మీదేమో కీరా వాసన అంటున్నారు, అక్కడే తేలిపోయింది.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మీ విత్తనం అసలుదే. ఈ మొక్కకు మొగ్గ గులాబీ రంగులోనే ఉంటుంది, కొత్తగా విచ్చుకున్న పువ్వు కూడా కొంచెం ఎర్రటి చాయతో ఉండి తర్వాత నీలానికి తిరుగుతుంది. రేకుల్లో ఉండే రంగు పదార్థం ఆంథోసయనిన్. అది పులుపు ఎక్కువుంటే ఎరుపుకూ, పులుపు తగ్గితే నీలానికీ మొగ్గుతుంది. పువ్వు ముదిరే కొద్దీ కణాల్లోని రసంలో ఆమ్లగుణం తగ్గుతుంది, రంగు మారుతుంది. నమ్మకం కుదరకపోతే, పూర్తిగా నీలం అయిన పువ్వును కోసి దాని మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి, మళ్లీ గులాబీ రంగుకు వస్తుంది. శంఖుపువ్వు నీళ్లలో నిమ్మకాయ పిండితే వంగపండు రంగు రావడం చూసే ఉంటారు, ఇదీ అదే లెక్క. ఇదే కుటుంబంలో లంగ్‌వర్ట్, ఫర్గెట్ మీ నాట్ లాంటి వాటిలో కూడా ఈ రంగు మార్పు కనిపిస్తుంది. తెల్లపూల బోరేజ్ రకం కూడా ఉంది, అది తెల్లగానే ఉండిపోతుంది. మీదైతే మొగ్గే గులాబీగా ఉంది కాబట్టి నీలం ఖాయం. నిన్న విచ్చుకున్న పువ్వును రేపు మళ్లీ చూసి చెప్పండి.

ఇక తినడం సంగతి. యూరప్‌లో తింటారు, కాదనను. మీ అమ్మాయి ఉండే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఏడు రకాల ఆకులతో ఒక పచ్చ సాస్ చేస్తారు, ఉడికించిన గుడ్లు, బంగాళదుంపలతో తింటారు, ఆ ఏడింటిలో బోరేజ్ ఒకటి. ఇటలీలో లిగూరియా వైపు ఈ ఆకును పాస్తా లోపల కూరతారు. అయినా మీ ఆవిడకు నేను వద్దనే చెబుతాను. ఈ ఆకులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, అవి కాలేయాన్ని దెబ్బతీసే జాతి. ఒకరోజు తింటే ఏమీ తెలియదు, పదేపదే తింటే లోపల చేరే నష్టం అది. పప్పులో ఉడికించినంత మాత్రాన పోవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయం జబ్బున్నవాళ్లు అసలు ముట్టకూడదు. ఇదే కుటుంబపు కాంఫ్రీ అనే మొక్కను కడుపులోకి తీసుకునే ఉత్పత్తుల్లోంచి తీసేయమని అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2001లోనే కంపెనీలకు చెప్పింది. వాళ్లు ఏడు ఆకుల్లో ఒకటిగా పిడికెడు వేసుకుంటారు, మనమేమో ఆకుకూర అన్నాక కట్టలకు కట్టలు ఉడకేసే రకం, పోలిక కుదరదు. సరదాకు ఒకటో రెండో పువ్వులు మంచుగడ్డల్లో పెట్టి షర్బత్‌లో వేసుకుంటే వేసుకోండి, ఆకుల జోలికి వద్దు.

బోరేజ్ నూనె అని గొట్టం మాత్రల్లో (క్యాప్సూల్స్) అమ్మేది గింజల్లోంచి తీస్తారు. దానిలో గామా లినోలెనిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు పదార్థం 20 శాతం దాకా ఉంటుందని దానికి గిరాకీ. దాన్ని చూసి ఆకు కూడా మందే అనుకోవద్దు.

కర్నూలువాళ్లకు ఇంకో తికమక ఉంది, అదీ చెప్పేస్తాను. మా ఊళ్లో యునానీ వైద్యం పాతది, యునానీ కాలేజీ కూడా ఉంది. యునానీ మందుల దుకాణంలో గావ్‌జబాన్ అని ఎండు ఆకు, పువ్వు అమ్ముతారు, ఖమీరా గావ్‌జబాన్ అని లేహ్యంలాంటిది కూడా దొరుకుతుంది. గావ్ అంటే ఆవు, జబాన్ అంటే నాలుక. ఆకు ఆవు నాలుకలా గరగర ఉంటుందని ఆ పేరు. కొందరు దాన్ని బోరేజ్ అనే రాస్తారు, కానీ మన దేశపు అంగళ్లలో ఆ పేరుతో వచ్చేది ఎక్కువగా ఓనోస్మా బ్రాక్టియాటమ్, హిమాలయాల మొక్క. కుటుంబం ఒకటే, మొక్క వేరు. విచిత్రమేమిటంటే ఇదే కుటుంబంలో బ్యూగ్లాస్ అని నీలం పూల మొక్క ఒకటుంది, గ్రీకులో ఆ మాటకు అర్థం కూడా ఎద్దు నాలుకే. మన ఆవు నాలుకా వాళ్ల ఎద్దు నాలుకా, ఎవరు చేత్తో తడిమినా తగిలేది అదే గరుకు.

కడప గడప:

సారీ సార్, నిజంగా తెలియదు. నేను చెప్పిన మాట విని అన్న బజ్జీ వేసుకుని ఉంటే ఏమయ్యేదో. ఇంతకీ మా ఇంట్లోది వాము ఆకే కదా, వాము వాసనే వస్తుంది?

కర్నూలు బోటనీ మాస్టారు:

వాము వాసన వస్తే వాము ఆకే. మీ బజ్జీలకు ఏ ఢోకా లేదు, నాకూ రెండు పంపండి.

పులివెందుల పెరడు:

అన్నా, రంగు గురించి సార్ చెప్పారు, నేను ఆకు అంచుల గురించి అడుగుతా. మీరు ఏ నీళ్లు పోస్తున్నారు? ఆర్‌వో మిషన్ నుంచి బయటికి వచ్చే వేస్ట్ నీళ్లు గానీ బకెట్‌లో పట్టి పోస్తున్నారా? నేను రెండేళ్లు అదే పని చేశాను, నీళ్లు వృథా కాకూడదని. మన బోరు నీళ్లే ఉప్పు, మిషన్ ఆ ఉప్పంతా ఆ వేస్ట్ నీళ్లలోకే నెట్టేస్తుంది, అంటే మామూలు బోరు నీళ్ల కంటే అవి ఇంకా ఉప్పు. కుండీ అంచుల్లో, మట్టి పైన తెల్లగా పొడి పేరుకుందా చూడండి. పేరుకుంటే ఆకు చివర్లు కాలడానికి అదే కారణం.

ఇంకోటి, పసుపుదనం ఉంటే అది ఏ ఆకుల్లో ఉందో చూడండి. కింది ముదురు ఆకులు పసుపు పడి రాలుతుంటే వయసు, వదిలేయండి. పైన లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు వస్తే ఇనుము అందట్లేదని అర్థం, మన నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు. అప్పుడు ఐరన్ చీలేట్, అంటే మొక్కకు తేలిగ్గా అందే రూపంలో ఉండే ఇనుము, అడిగి తెచ్చుకుని, ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకుండా సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి.

జూన్ నారు ఎందుకు పోయిందో కూడా నాకు తెలుసనుకుంటా. దీనికి ముల్లంగి లాగా తల్లివేరు దిగుతుంది, పీకి నాటితే ఆ వేరు తెగుతుంది, ఇక కోలుకోదు. పైగా జూన్, జులైలో అనంతపురం గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? తల్లివేరు తెగిన లేతమొక్కను ఆ గాలికి మిద్దె మీద పెడితే ఏం నిలబడుతుంది. రెండోసారి మీరు చేసిందే సరైన పని, చలి మొదలయ్యే ముందు, లోతున్న కుండీలో, గింజ నేరుగా. నేను గోరు మందం లోతున వేస్తాను, వారం పది రోజుల్లో మొలుస్తుంది, రెండు నెలలకు పూత. కాండం లోపల బోలు, నీళ్లతో నిండి ఉంటుంది, పూత బరువుకు వాలిపోతుంది, ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. చేతులకు గుడ్డో గ్లౌజో చుట్టుకోండి, ఆ నూగు నాకైతే రెండు రోజులు దురద పెట్టింది.

అనంతపురం మిద్దెతోట:

అక్కా, మీరు మా మిద్దె మీద నిలబడి చూసినట్టే చెప్పారు. ఆర్‌వో నీళ్లే. పైపు ఒకటి ప్రత్యేకంగా పెట్టించి మరీ డ్రమ్ములో పడుతున్నా, నేను చేస్తున్న గొప్ప పని అదేనని అందరికీ చెప్పుకుంటూ వచ్చా. కుండీల అంచున తెల్లగా ఉంది, అది సున్నం వేసినప్పుడు పడిందనుకున్నా. టమోటాలు కూడా అందుకే సరిగ్గా కాయట్లేదేమో ఇన్నాళ్లూ. లేత ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మరి ఇప్పుడు ఏం చేయాలి, మట్టి మార్చాలా?

పులివెందుల పెరడు:

పూత మీదున్న మొక్కకు మట్టి మార్చొద్దు, మళ్లీ వేరు కదిలిస్తే అంతే. మున్సిపాలిటీ నీళ్లు వచ్చే రోజున కుండీ అడుగు చిల్లు తెరిచే ఉందో లేదో చూసుకుని, నీళ్లు బాగా కిందికి కారేదాకా నెమ్మదిగా పోయండి, ఒక గంట ఆగి ఇంకోసారి. ఉప్పు కొంత కిందికి కడుక్కుపోతుంది. కింద ప్లేటు ఉంటే తీసేయండి, లేదంటే కారిన ఉప్పు నీళ్లనే మళ్లీ పీలుస్తుంది. ఆ తర్వాత మట్టి పైన ఒక అంగుళం ఆరితేనే నీళ్లు. ఆర్‌వో నీళ్లు బండి కడగడానికి, మిద్దె కడగడానికి వాడండి.

ప్రొద్దుటూరు బాబాయ్:

నాకు ఒకటి అర్థం కాదప్పా. మనకు నీలం పూలే లేనట్టు ఎక్కడో మధ్యధరా నుంచి తెచ్చి ఇన్ని తంటాలు ఎందుకు? డిసెంబరు పూలు లేవా, విష్ణుక్రాంతం లేదా? నేనూ ఒక ఏడు ఫర్గెట్ మీ నాట్ అని మోజు పడి విత్తనాలు తెప్పించా. అది చల్లటి చోట, తేమ ఉండే నేలలో బతికే మొక్క, మా ప్రొద్దుటూరులో మొలిచింది కానీ ఫిబ్రవరి ఎండకే తలవాల్చేసింది. హార్స్‌లీ కొండ మీద ఉండేవాళ్లు పెంచుకోవాలి అలాంటివి, అది సముద్రమట్టానికి 1265 మీటర్ల ఎత్తున ఉంది, మనం పెన్నా ఒడ్డున ఇసుకలో ఉన్నాం. డబ్బులు దండగ.

అనంతపురం మిద్దెతోట:

బాబాయ్, మీరన్నది నిజమే, డిసెంబరు పూలు మా మెట్ల పక్కన ఉన్నాయి కూడా. కానీ అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడల్లా మొక్క ఎంత పెరిగింది నాన్నా అని అడుగుతుంది. డిసెంబరు పూలు ఎంత పెరిగాయని ఏ రోజూ అడగలేదు. అందుకే ఈ తంటా.

ప్రొద్దుటూరు బాబాయ్:

అలాగైతే పెంచండి సామీ, నేనేమీ అనను.

కళ్యాణదుర్గం చేను:

ఇప్పుడే చదివాను అంతా. మాది కళ్యాణదుర్గం దగ్గర, వేరుశనగ రైతులం. ఆ బోరేజ్ ఫోటో చూసి మా నాయన, ఇది మన గువ్వగుత్తి లాగుందే అన్నాడు. మా చేలో వానలు పడ్డాక కలుపుగా లేస్తుంది, నూగు గుచ్చుకుంటుంది, పువ్వు లేత నీలం, తల కిందికి వేలాడేసి ఉంటుంది. కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని పీకుతూ చేతులు గీరుకుంటారని తిట్టుకుంటారు. ఇదీ అదీ ఒకటేనా సార్?

కర్నూలు బోటనీ మాస్టారు:

మీ నాయన కన్ను గట్టిది. ఒకటే మొక్క కాదు, ఒకటే కుటుంబం. గువ్వగుత్తి శాస్త్రీయ నామం ట్రైకోడెస్మా ఇండికమ్. సంస్కృతంలో అధఃపుష్పి అన్నారు, అంటే కిందికి చూసే పువ్వు. బోరేజ్ పువ్వూ అలాగే కిందికి వేలాడుతుంది. రెండింటిలోనూ నడుమ కేసరాలు కలిసి మొనదేలిన కొండలా నిలబడతాయి, మిద్దెతోట ఆయన ముక్కు అన్నది దాన్నే. బోరేజ్‌లో పుప్పొడి ఆ కొండ లోపలికే రాలి ఉంటుంది, ఊపితేనే బయటపడుతుంది. తుమ్మెద పువ్వుకు వేలాడి రెక్కల కండరాలతో జుమ్మని అదిరిస్తే పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తేనెటీగకు ఆ అదిరించే విద్య లేదు, అయినా తేనె కోసం మాత్రం ఎగబడి వస్తుంది. మిద్దె మీద కూరగాయలు ఉన్నాయన్నారు కదా, టమోటా, వంకాయ పువ్వులకూ ఈ అదిరింపే కావాలి, కాబట్టి ఈ మొక్క కోసం తుమ్మెదలు వస్తే మీకు లాభమే.

మనకు ఈ కుటుంబం కొత్తేమీ కాదు. కాలవ గట్టున తేలు తోకలా వంకర తిరిగిన పూగుత్తితో నాగదంతి, చెరువు ఎండాక నేలకు అంటుకుని పాకే హంసపాదు, పండు పిసికితే జిగురొచ్చే నక్కెర చెట్టు, చిన్నప్పుడు మేము ఆ జిగురుతోనే కాగితాలు అంటించుకున్నాం, ఇవన్నీ మేము చదివిన పుస్తకాల్లో బోరేజ్ కుటుంబమే. ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు నక్కెరను, నాగదంతిని విడి కుటుంబాలుగా వేరు పెడుతున్నారు, అన్నదమ్ములు పొయ్యి వేరు పెట్టినట్టు. గువ్వగుత్తిని పల్లెల్లో కీళ్లవాపులకు నూరి కడతారు, పైపూత వరకు సరే. కడుపులోకి మాత్రం వద్దు, ఇందాక చెప్పిన ఆల్కలాయిడ్ల గొడవ ఈ కుటుంబంలో చాలా మొక్కలకు ఉంది.

అనంతపురం మిద్దెతోట:

మూడు రోజుల తర్వాత రాస్తున్నా. మొదటి పువ్వు మరుసటి రోజు మధ్యాహ్నానికే నీలమైంది, ఇప్పుడు తొమ్మిది పూలున్నాయి, ఒకే కొమ్మ మీద గులాబీ మొగ్గ, వంగపండు రంగు పువ్వు, నీలం పువ్వు పక్కపక్కన. నిమ్మరసం పరీక్ష మా ఆవిడ చేసింది, సార్ చెప్పినట్టే గులాబీ అయింది, దాంతో పప్పు సంగతి మరిచిపోయి మూడు పువ్వులు వృథా చేసింది. నిన్న మున్సిపాలిటీ నీళ్లు వచ్చాయి, రెండుసార్లు పారించా. నల్ల తుమ్మెద ఇంకా రాలేదు కానీ చిన్న తేనెటీగలు పొద్దున ఏడింటికల్లా వచ్చేస్తున్నాయి, మధ్యాహ్నం దాకా కదలవు. విత్తనం దాచుకోవాలంటే ఎప్పుడు కోయాలి అక్కా? కళ్యాణదుర్గం తమ్ముడూ, నాలుగు గువ్వగుత్తి గింజలు దొరుకుతాయా, పక్క కుండీలో వేస్తా.

పులివెందుల పెరడు:

పువ్వు రాలాక ఆ పచ్చ గిన్నె లోపల నాలుగు గింజలు ఉంటాయి, నల్లబడగానే వాటంతట అవే రాలిపోతాయి, ఒకరోజు ఆలస్యం చేస్తే దొరకవు. కుండీ కింద పాత దుప్పటి పరిచేయండి, సాయంత్రం దులిపి ఏరుకోండి. నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టి, పైన తేదీ రాసి పెట్టండి. మార్చి ఎండకు మొక్క ఎలాగూ పోతుంది, దాన్ని కాపాడాలని గ్రీన్ నెట్ కొనకండి. మళ్లీ దీపావళికి వేసుకోవచ్చు. కుండీలో రాలినవి మీకు చెప్పకుండానే మొలిచినా మొలుస్తాయి, కలుపనుకుని పీకేయకండి.

కళ్యాణదుర్గం చేను:

గువ్వగుత్తి గింజలకు కరువా అన్నా, గట్టు మీద ఎండిపోయినవి ఉన్నాయి, దులిపి తెస్తా. వచ్చే సోమవారం మార్కెట్ యార్డుకు వస్తున్నా, అక్కడికి రండి. కానీ ఇది విన్నాక మా నాయన ఒకటే నవ్వు, జీవితమంతా దీన్ని పీకి పారేస్తే ఇప్పుడు టౌనోళ్లు కుండీలో పెట్టుకుంటారా అని.